గొర్లు నాటిన చెట్లు

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేసి, అన్నా చేను నడిమిట్ల ఉన్న తుమ్మ చెట్లు కొట్టేపిద్దామా, ట్రాక్టరాయన ప్రతిసారి లొల్లి పెడుతుండు, తిప్పనీకి వస్తలేదంట, అన్నడు. నేను మీటింగుల ఉన్న, సరే చూద్దాం తియ్యి అని పెట్టేసిన. పెట్టేసిన గని ఆ దినమంత పని మీద మనసు ఆగలే. రాత్రి అన్నం తినుకుంట కూడ అదే యాదికొచ్చుడు. ఏమైంది అట్ల ఉన్నవ్ అని మా ఆవిడ అడిగితె తుమ్మ చెట్లు అన్న, ఆమె నా దిక్కు ఒక తీరుగ చూసి పప్పు వడ్డించి పోయింది.

మొత్తం ఆరు చెట్లు. మూడు గట్ల మీద, మూడు చేను నడిమిట్ల. ఒక వరస లేదు, ఒక లెక్క లేదు, కొత్తగ చూసినోళ్ళు ఎవడో తాగి నాటిండు అనుకుంటరు. వాటిని ఎవ్వరు నాటలే. గొర్లు నాటినయ్.

ఎట్లనంటె, ఎండకాలం నల్లతుమ్మకు కాయలు ఎండుతయ్ గద, పూసలదండ లెక్క గింజ గింజకు నడుమ నొక్కుకొని ఉంటయ్, గాలొస్తె గలగల అంటయ్. గొర్లకు ఆ కాయలంటె పానం. కాపరి దోటితోని కొమ్మ దులిపితె చాలు ఒకదాని మీద ఒకటి పడి తింటయ్. కాయ అరుగుతది గని లోపటి గింజ మస్తు గట్టిది, దాని పైపొట్టుల నీళ్ళు కూడ తొందరగ దిగయ్, ఉత్తగ నేలల పడితె మొలిచేది కష్టమే. అదే గొర్రె పొట్టల నాని, రాత్రి నెమరేసేటప్పుడు నోట్లకెల్లి కింద పడో, పొద్దుగాల పెంటికల్ల బయటికొచ్చో మట్టిల కలిసిందనుకో, మొదటి వానకే మొలక. నర్సరీలోళ్ళు కూడ తుమ్మ గింజలు గొర్ల దొడ్లల్లనే ఏరి తెచ్చుకుంటరు. కాబట్టి మా చేన్ల ఏ చెట్టు ఎక్కడుందో చూస్తె మంద ఎక్కడ పడుకున్నదో తెలుస్తది, అదొక రిజిస్టర్ అనుకోరాదు, మా తాతకు సంతకం పెట్టుడు కూడ రాదు గని ఈ రిజిస్టర్ మాత్రం ఇంక ఉన్నది.

మాది తాండూరు దిక్కు ఊరు, కాగ్నా వాగు నుంచి జర లోపలికి పోవాలె. బండల దేశం. గోడకు బండలే, గడపకు బండలే, గొడ్ల కొట్టంల పరిచేది బండలే. చేను మాత్రం సగం నల్లరేగడి, సగం ఎర్ర చెల్క. తాత ఉన్నప్పుడు చేన్ల ఒక్కటే పంట అనే ముచ్చట లేకుండె. జొన్నల నడుమ కంది సాళ్ళు, వాటి మధ్యల పెసర్లు, బొబ్బర్లు, గట్టెంట పుంటికూర, ఇంక అవ్వ కొంగుల ముడి కట్టుకొని తెచ్చి ఎక్కడ సందు దొరికితె అక్కడ చల్లేసిన గింజలు వేరే. యాసంగిల తెల్లజొన్న ఏస్తె చుట్టూత కుసుమలు ఏసేటోళ్ళు, కుసుమకు ముండ్లుంటయ్ గద, గొడ్లు మూతి పెట్టయ్. అంటె నూనెకు నూనె, కంచెకు కంచె.

ఒకసారి నేను కంది మొక్కను పీకి, తాతా దీని వేర్లకు పురుగు పట్టిందే అన్న. వేర్ల పొడుగునా చిన్న చిన్న బుడిపెలు. తాత చూసి, పురుగు కాదు బిడ్డా, అది దాని సద్దిమూట అన్నడు. ఒక బుడిపెను గోరుతోని చీరితె లోపల ఎర్రగ, లేత రక్తం రంగుల ఉన్నది. తర్వాత డిగ్రీల జువాలజీ చదివేటప్పుడు (బాటనీ కూడ ఉండె, అది వేరే బాధ) తెలిసింది అందుల బ్యాక్టీరియా ఉంటదని, గాలిలున్న నత్రజనిని అది పట్టి కందికిస్తది, కంది దానికి చక్కెర పెడుతది, ఆ ఎరుపేమో మన రక్తంలున్న హిమోగ్లోబిన్‌కు చుట్టమైన ఒక పదార్థమని. ఆక్సిజన్ ఎక్కువైతె బ్యాక్టీరియా పని ఆగిపోతది, తక్కువైతె దానికి ఊపిరాడది, అందుకని ఆ ఎర్ర పదార్థం కొంచెం కొంచెమే అందిస్తదంట. తాత సద్దిమూట అన్నది తప్పేం గాదు, కాకపోతె ఆ సద్ది కట్టింది ఇంకొకరు.

ఇంకో ముచ్చట గూడ చెప్పాలె. పటాన్‌చెరుల 1972ల పెట్టిన ఇక్రిశాట్ అనే మెట్ట పంటల పరిశోధన సంస్థ ఉంది గద, అక్కడ పనిచేసినోళ్ళు 1990ల ఒకటి బయటపెట్టిండ్రు. ఎర్ర నేలల్ల భాస్వరం ఇనుముకు అతుక్కొని కూసుంటది, చాన పంటలకు అది చిక్కది, కంది వేర్లు మాత్రం ఒక తీరు ఆమ్లం వదిలి ఇనుమును పక్కకు గుంజి భాస్వరాన్ని విడిపిస్తయంట. దాని ఆకు రాలి మురిగితె తర్వాతి పంటకు గూడ ఎంతో కొంత అందుతది. మా చెల్క చేన్ల జొన్న తర్వాత జొన్న ఏస్తె దెబ్బతినేది, నడుమ కంది ఉంటె నిలబడేది, తాతకు ఆ సంగతి తెలుసు, ఇనుము సంగతి తెల్వదు. తాండూరు కందికి 2022ల జీఐ ట్యాగ్, అంటె ఆ జాగ పేరు మీద ఇచ్చే గుర్తింపు, వచ్చిందని పేపర్ల చూసి నాకు మస్తు సంబురమైంది గని, నాకు తెలిసిన కంది ఎప్పుడు ఒక్కతె నిలబడ్డది గాదు.

సరే, మంద ముచ్చటకొస్త.

పంటలు కోసి, కట్టె మోపులు ఇంటికి చేరినంక వచ్చేది మంద. మూడొందల దాక గొర్లు, అన్ని నల్లటియే, దక్కనీ గొర్లు, వాటితోని పదో పన్నెండో మేకలు, మూడు కుక్కలు, ఒక గాడిద మీద గంపలు, వంట గిన్నెలు, గంపల్ల పుట్టి రెండు దినాలైన పిల్లలు తలకాయలు బయట పెట్టుకొని. ముందట మంద తాత. మేము ఆయన్ని అట్లనే పిలిచేటోళ్ళం, ఆయన భార్య మంద అవ్వ. మా తాత ఆయనను బావా అంటుండె, ఆయన మా తాతను బావా అంటుండె, ఇద్దరి కులాలు వేరు, ఆ బంధుత్వం ఎక్కడికెల్లి వచ్చిందని నేనెప్పుడు అడగలే, ఊర్ల అందరు అందరికి ఏదో ఒకటి అయ్యేటోళ్ళు కాబట్టి అడగాలనే ఆలోచన గూడ రాలే.

మంద పెట్టుడు అంటె తెల్వనోళ్ళకు చెప్త. పొద్దంత గొర్లు చేన్లల్ల కొయ్యకాళ్ళు, రాలిన ఆకు, గట్ల మీది గడ్డి మేస్తయ్. పొద్దుగూకితె ఎవరి చేన్ల పెట్టాలె అనుకున్నరో ఆ చేన్ల తడకలు కట్టి మందనంత అందుల పడుకోబెడుతరు. తెల్లారి తడకలు పక్కకు జరుపుతరు, మర్నాడు రాత్రి పక్క జాగల. ఇట్ల ఐదారు రాత్రులల్ల ఒక మడి అయిపోతది. గొర్ల ఎరువుల నత్రజని 3 శాతం దాక ఉంటది, మామూలు దిబ్బ ఎరువుల అర శాతమే. దానికి తోడు మూత్రం. కొట్టంల అయితె అది బండల మీదికెల్లి కారి పోతది, చేన్ల పడుకుంటె చుక్క పోకుంట మట్టిలకే. పెంటికలు గిట్టలతోని తొక్కి తొక్కి మట్టిల కూరుకుపోతయ్, మళ్ళ కలుపుడు పని గూడ లేదు. తాత రాత్రికింత అని జొన్నలు కొలిచిచ్చేటోడు, కుంచం నిండ గుత్తంగ పోసి, పైన ఇంకింత. పైసల ముచ్చట చాన తక్కువ.

ఆ రాత్రులల్ల తాత చేనుకాడ పడుకునేటోడు, సెలవులుంటె నన్ను తోలుకపోయేటోడు. పగలు మంద చూస్తె దుమ్ము, లొల్లి, అంతే. రాత్రి వేరే. మూడొందల గొర్లు ఒక్కసారి నెమరేస్తుంటె వచ్చే చప్పుడు నేను ఇప్పటిదాక ఇంకెక్కడ వినలే, సన్న వాన ఆకుల మీద పడ్డట్టు ఉంటది గని వాన గాదు, లోపట్నుంచి వస్తది. నడుమ నడుమ ఒక తుమ్మ గింజ టిక్కుమని బండకు తగిలేది. ఉన్ని వాసన, మూత్రం వాసన, పొగాకు వాసన. మంద తాత గొర్ల కాపరుల దేవుడు బీరప్ప కథ ఎత్తుకునేటోడు, ఒగ్గు కథ చెప్పేటోళ్ళ లెక్క డోలు లేదు తాళం లేదు, ఊరికె గొంతుతోనే, సగం కథల ఆపి కుక్కను తిట్టి మళ్ళ అందుకునేటోడు. గొరుకొయ్యల చుక్కలు పడమటికి వాలినయంటె ఇంక పడుకోమని నా మీద గొంగడి కప్పేటోళ్ళు. గొంగడి మొదట గుచ్చుతది, జర సేపైతె తెల్వది.

ఒక రాత్రి చూసింది మాత్రం నాకు అచ్చు అట్లనే కండ్ల ముందట ఉన్నది. ఒక గొర్రె పిల్లను పెట్టి చచ్చిపోయింది. పిల్ల బతికే ఉంది, సన్నగ అరుస్తుంది. ఇంకో గొర్రె అప్పుడే ఈనింది గని దాని పిల్ల కదుల్తలేదు, అది మూతితోని పొడుస్తుంది, నాకుతుంది, మళ్ళ పొడుస్తుంది. మంద తాత లాంతరు దగ్గరికి తెచ్చి, బతికున్న పిల్లను పట్టుకొని చచ్చిన పిల్ల మీదున్న మాయ తడిని చేతుల్తోని తీసి దీనికి పట్టించిండు, తల, వీపు, ముఖ్యంగ తోక కింద, మంచిగ రుద్ది రుద్ది. తర్వాత చచ్చినదాన్ని మెల్లగ వెనక్కి గుంజి దీన్ని ఆ గొర్రె మూతికాడ పెట్టిండు. మేము ఊపిరి బిగవట్టి చూస్తున్నం. అది వాసన చూసింది. ఒక అడుగు వెనక్కేసింది. మళ్ళ వాసన చూసింది. మళ్ళ ఒకసారి. అప్పుడు గొంతులోపల్నే ఒక తీరు గుర్‌గుర్ మన్నది, ఆ చప్పుడు పిల్లతల్లులే చేస్తయంట, నాకుడు సురువు చేసింది. మంద తాత లాంతరు పక్కన పెట్టి, అయిపాయె, ఇంక దాని తల్లి ఇదే అన్నడు.

ఈనినంక మొదటి కొన్ని గంటలల్ల ముక్కుకు ఏ వాసన ఎక్కుతదో దాన్నే గొర్రె తన పిల్ల అనుకుంటదని తర్వాత చదివిన. ఇంక నెమరేసే జంతువు పొట్టల నాలుగు అరలుంటయని, మొదటి అరల ఒక్క మిల్లీలీటరు నీళ్ళల్ల వెయ్యి కోట్ల దాక బ్యాక్టీరియా ఉంటయని, గడ్డిని అరిగించేది నిజానికి అవ్వేనని, గొర్రె ఒంట్ల పీచు కరిగించే శక్తి అసలే లేదని గూడ చదివిన. పుట్టినప్పుడు పిల్ల పొట్టల ఆ సరంజామ ఉండదు. తల్లి నాకి నాకి, మందల తిరిగి తిరిగి, అందరు తొక్కిన మట్టి, అందరు మూతి పెట్టిన గడ్డి మూతికి తగిలి తగిలి అవి లోపలికి చేరుతయ్. పరీక్షల దీనికి నాలుగు మార్కులు వచ్చినయ్ నాకు, బొమ్మ మంచిగ గీసిన. గని ఆ రాత్రి లాంతరు వెలుగుల చూసిందాన్ని ఈ పాఠానికి కలుపుకోనీకి నాకు ఇంకో పదేండ్లు పట్టింది, మందంటె మూడొందల గొర్లు అని లెక్క పెట్టుడే తప్పేమో అని.

అన్నట్టు గొర్రె మొహపోడా అని తిడుతరు గద. 2001ల ఇంగ్లండుల సైంటిస్టులు పరీక్ష చేసి చూస్తె ఒక్కో గొర్రె యాభై దాక వేరే గొర్ల మొహాలను రెండేండ్ల తర్వాత గూడ గుర్తుపట్టిందంట. నాకైతె పోయినేడు పెండ్లిల కలిసినోళ్ళ మొహాలే గుర్తులేవు.

ఇంక మా తమ్ముని ముచ్చట. వాడు పుట్టినంక అమ్మకు నెలల తరబడి జరం, పాలు పడలే. డబ్బ పాలు పట్నంల దొరుకుతుండె గని తేవాలె, కొనాలె, వాడికి అవి పడలే గూడ. ఆ ఏడు మంద మా చేన్లనే ఉండె. మంద అవ్వ పొద్దుమాపు మేక పాలు పిండి చిన్న చెంబుల తెచ్చేది, నీళ్ళు కలిపి కాంచి ఇయ్యమని అవ్వకు చెప్పేది. మంద ఊరు దాటి పోయేటప్పుడు ఒక మేకను మా ఇంట్ల కట్టేసి పోయింది, మళ్ళ ఏడాది వచ్చినప్పుడు తీసుకపోతం తియ్యి అని. పైసలిస్తె తీసుకోలే. అందుకే వాన్ని ఊర్ల మేకపాలోడు అనేటోళ్ళు, హైస్కూలుకొచ్చినంక ఆ పేరు వింటె కొట్లాటకు పోయేటోడు. ఇప్పుడు చెట్లు కొట్టేద్దామని ఫోన్ చేసింది గా మేకపాలోడే.

అంత సక్కగనే ఉండె అని చెప్తె అబద్ధమైతది. ఒక ఏడు, నేను 4వ తరగతి, 1988 కావచ్చు, జొన్న కోసినంక అకాల వాన పడ్డది. కొయ్యకాళ్ళకు మళ్ళ పిలకలొచ్చినయ్, పచ్చగ, లేతగ, చూస్తె ముద్దొచ్చేటట్టు. జొన్న పిలకల నాము ఉంటదని పల్లెటూర్ల ఎవరినడిగిన చెప్తరు. ధురిన్ అని ఒక పదార్థం ఉంటది, పశువు నమలంగనే అది సైనైడ్ అయి కూసుంటది, జొన్న తన లేత చిగురును కాపాడుకునే ఉపాయం అది, ఎదిగినా కొద్ది తగ్గుతది. తాత పిలకలు చూసిండు. మంద తాతకు కబురు పంపాలె అనుకున్నడు. అనుకొని పెండ్లికి పోయిండు.

ఆ దినం మంద వెంట ఉన్నది మంద తాత చిన్న కొడుకు, నాకంటె రెండు మూడేండ్లు పెద్ద, పన్నెండేండ్ల పోరడు. పచ్చగ కనపడంగనే గొర్లు ఆగుతయా. పోరనికి తెలిసే లోపల పదిహేనో ఇరవయ్యో లోపలికి చొచ్చినయ్. అర్ధగంటల ఒక గొర్రె తూలింది, నోట్ల నురుగు, మెడ వెనక్కి వంచి కాళ్ళు కొట్టుకునుడు. పోరడు ఏడ్చుకుంట ఊర్లకురికిండు. మజ్జిగ పోసిండ్రు, బెల్లం నీళ్ళు పోసిండ్రు, పశువుల డాక్టరు కోసం సైకిల్ మీద మనిషిని తోలిండ్రు. నాలుగు చచ్చినయ్. నాలుగిట్ల ఒకటి, ఆ రాత్రి పరాయి పిల్లను నాకిన గొర్రె.

తాత రాత్రికి ఇంటికొచ్చిండు, సంగతి తెలిసింది, చెప్పులు గూడ ఇడవకుంట అట్లనే చేనుకు పోయిండు. నేను వెంట పోయిన. మంద తాత బండ మీద కూసోని బీడి తాగుతుండు, కొడుకు దూరంగ తడకల పక్కన ముడుచుకొని పడుకున్నడు, చెంప మీద దెబ్బ వాపు కనిపిస్తుంది. తాత పోయి పక్కన కూసున్నడు. చాన సేపు ఇద్దరు ఏం మాట్లాడలే. తర్వాత తాత, చెప్పాల్సింది నేను బావా, పోరన్ని కొట్టకుండి అన్నడు. తెల్లారి రెండు బస్తాల జొన్నలు బండికెత్తిండు. మంద తాత ఒక బస్తా దించుకున్నడు, ఒకటి మళ్ళ బండిలనే ఇడిచిపెట్టిండు. నేను గూడ చూడాలె గద బావా, సగం నాది, అన్నడు. అవ్వ మాత్రం మూడు దినాలు తాతతోని మాట్లాడలే.

మరుసటేడు వస్తరా రారా అని తాత లోపల్లోపల బుగులుపడ్డడు. వచ్చిండ్రు. చేన్లకు గొర్లను తోలకముందు మంద తాత కొడుకు ఒక్కడే ముందట పోయి, చేనంత అడ్డం పొడుగు తిరిగి, నేల దిక్కు చూసుకుంట తిరిగి, చెయ్యి ఊపిండు.

ఇంక మంద ఎందుకు బందైందంటె ఒక్క కారణం చెప్పలేను. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినయ్, మెల్లమెల్లగ రొట్టెలు పోయి మూడు పూటలు అన్నమాయె, నేను తప్పు పడుతలేను, పేదోళ్ళ కడుపు నిండింది. గని జొన్న తినుడు తగ్గితె జొన్న ఏసుడు తగ్గింది, జొన్న తగ్గితె కట్టె తగ్గింది, కట్టె లేకుంటె ఎడ్లను మేపుడు ఎట్ల, ఎడ్లు పోతె ట్రాక్టర్ వచ్చింది, ట్రాక్టర్ వచ్చినంక నాగలికి గుంటకకు తుమ్మ కర్ర ఎవనికి కావాలె. తాత గుంటక కొట్టేటప్పుడు ఆ మొలకల దగ్గరికి రాంగనే ఎడ్లను పక్కకు తిప్పేటోడు, నా మనుమలకు బండి ఇరుసులకైతయ్ అని, అట్ల నిలబడ్డయే ఇవి. నాయిన కాలంల డీఏపీ ఎరువు బస్తాలొచ్చినయ్. తర్వాత పత్తి. 2002ల బీటీ విత్తనం వచ్చినంక మా దిక్కు పత్తి చేన్లు పెరుగుకుంట పోయినయ్, పత్తి ఎండకాలం ముంగటి దాక చేన్లనే నిలబడతది, మందులు కొడుతరు, గొర్లకు జాగెక్కడిది.

గొర్లు గూడ మారినయ్. 2017ల సర్కారు గొర్ల పంపిణి పెట్టింది, ఒక్కో యూనిట్ల ఇరవై గొర్లు ఒక పొట్టేలు, అందుల చానవరకు పక్క రాష్ట్రాల నుంచి తెచ్చిన ఉన్ని లేని జాతులు. మాంసానికి మంచిగుంటయ్, తొందరగ పెరుగుతయ్. అంతకుముందు నుంచే ఉన్ని కొనేటోడు లేక నల్ల గొర్లు తగ్గుడు సురువైంది. ఏడాదికి రెండు సార్లు ఉన్ని కత్తిరించి, వాగుల కడిగి, ఆడోళ్ళు వడికి, గుంత మగ్గం మీద నేసి, పడుగుకు చింతగింజల గంజి పెట్టి గట్టి చేసిన గొంగడి మా ఇంట్ల మూడుండె. వానల కొప్పెర పెట్టుకుంటె లోపలికి చుక్క దిగేది గాదు. గొంగట్ల తినుకుంట వెంట్రుకలు ఏరినట్టు అంటరు గద, మా పిల్లలకు ఆ సామెత చెప్తె, గొంగట్ల ఎందుకు తింటరు డాడీ, ప్లేటు లేదా అన్నరు.

మొన్న ఐతారం ఊరికి పోయిన. చెట్లు కొట్టొద్దని చెప్పనీకే పోయిన, గని ఎట్ల చెప్పాలో తెల్వక తమ్మునితోని ఉత్తగ చేనంత తిరిగిన. పత్తి కట్టె పీకేసిండ్రు, నేల బోసిగ ఉంది, చెప్పుతోని తన్నితె పెచ్చులు పెచ్చులు లేస్తుంది. నడిమి తుమ్మ కింద మాత్రం నిరుటి కాయలు కుప్ప పడి ఉన్నయ్, తినేటోళ్ళు లేక నల్లగ మాడి. పసులపోలిగాడు ఒకటి కొమ్మ మీద కూసోని తోక ఊపుతుంది, వెనకట గొర్ల వీపుల మీద ఎక్కి తిరుగుతుండె, గొర్లు కదిలితె లేచిన మిడతలను పట్టనీకి. ఇప్పుడు ట్రాక్టర్ వెంట పోతుందంట, తమ్ముడే చెప్పిండు. వాడు గూడ కింద కూసోని ఒక కాయ తీసి ఇరిచిండు, గింజలు అరచేతిల పోసుకున్నడు. ఒకటి పండ్లతోని కొరికి చూసి ఊసేసిండు.

తర్వాత వాడే జేబులకెల్లి ఫోన్ తీసిండు. మంద తాత చిన్న కొడుకు ఇప్పటికి గొర్లు పెట్టుకునే ఉన్నడంట, కర్నాటక బోర్డరు దిక్కు తిరుగుతడంట, నెంబరు తమ్ముని దగ్గర ఎప్పటినుంచో ఉందంట, నాకు ఒక్కసారి గూడ చెప్పలే. స్పీకర్ల పెట్టిండు. అవతల గొర్ల అరుపులు, గాలి. అన్నా, మేకపాలోన్ని మాట్లాడుతున్న, అన్నడు తమ్ముడు. వాడి నోటెంట ఆ పేరు ఇన్నది అదే మొదటిసారి. అవతల గట్టిగ నవ్వు. అమ్మ ఎట్లుంది, పిల్లలెంతమంది, పట్నపోడు వచ్చిండా, అన్నీ అడిగిండు. ఈ ఏడు మన చేన్ల నాలుగు రాత్రులు మంద పెడుతవా అన్నా అని తమ్ముడు అడిగిండు.

ఫోన్ల జర సేపు చప్పుడు లేదు.

"గడ్డి మందు కొట్టిండ్రా తమ్మీ?"

తమ్ముడు నా దిక్కు చూసిండు. గట్లెంట గడ్డి పసుపు పచ్చగ మాడి పడి ఉంది, ఎవరైన చూస్తె తెలుస్తది, గని ఫోన్ల కనపడది గద.

"కొట్టినం అన్నా. ఇరవై దినాలైతుంది."

"మంచిది చెప్పినవ్. రెండు మంచి వానలు పడనియ్యి, కొత్త గడ్డి లేస్తది, మళ్ళ కొట్టకుండ్రి. లేసినంక ఫోన్ చెయ్యి, నేనే ఒక్కన్ని ముందుగాల వచ్చి చూసుకుంట."

తమ్ముడు ఫోన్ జేబుల పెట్టుకొని, అరచేతిలున్న తుమ్మ గింజలు ఎక్కడ పారెయ్యాలో తెల్వక జర సేపు అట్లనే పట్టుకొని నిలబడి, ఆఖరుకు అవి గూడ జేబులనే ఏసుకున్నడు. ట్రాక్టరాయనకు ఏం చెప్తవ్ అన్న. తిప్పుకోమంట, అన్నడు.